కన్నకొడుక్కి గంటకు బేడ

"నీ మొగుడు సారా తాగి చచ్చాడు. నీ కొడుకు ఏం తాగి చస్తాడే?"

యాభై ఎనిమిదిలో, మాచర్ల స్టేషను రోడ్డులో, సైకిల్ షాపు ముందు నిలబడి హనుమంతరావు ఈ మాట అడిగాడు. అడిగింది ఆరోగ్యమ్మని. ఆమె భర్త ఇన్నయ్యను సమాధి చేసి ఇంకా నెల తిరగలేదు. హనుమంతరావు వచ్చింది పరామర్శకే. బియ్యం మిల్లు యజమాని, హైస్కూలు కమిటీ పెద్ద, మద్యపాన నిషేధ ప్రచార సంఘం అధ్యక్షుడు. ఇన్ని బాధ్యతలున్న మనిషి ఒక్క పని మీద రాడు కనక, పరామర్శిస్తూనే వెనక చక్రంలో గాలి కూడా కొట్టించుకుంటున్నాడు.

ఆరోగ్యమ్మ పంపు కొడుతూనే ఉంది. చక్రం బిగిశాక లేచి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ చెయ్యి చాపింది.

"గాలికి అర్ధణా అయ్యా. అది మీరిస్తే పాలు తాగి చస్తాడు."

హనుమంతరావు నవ్వి సైకిలెక్కాడు. అర్ధణా ఇవ్వలేదు. దుఃఖంలో ఉంది, నోరు అదుపు తప్పింది పాపం అని బజార్లో జాలిపడ్డాడు. ఆరోగ్యమ్మ నోరు సంతోషంలోనూ అదుపులో ఉండేది కాదని స్టేషను రోడ్డుకంతా తెలుసు.

ఇన్నయ్య ఏం తాగి చచ్చాడో కూడా తెలుసు. గిడ్డంగుల వెనక ఎవడో కాచిన సారా. అందులో ఏం కలిపాడో కాచినవాడికే తెలియాలి. కానీ మద్రాసు వాళ్ళ హయాం నుంచీ నిషేధం అమల్లో ఉన్న ఊరు. నిషేధం ఉన్న ఊళ్ళో సారా తాగి చావడం చట్టప్రకారం కుదరదు. అందుకని కాగితాల మీద కడుపునొప్పి అని రాశారు. సమాధి దగ్గర ఫాదరుగారు దేవుని చిత్తం అన్నారు. "దేవుడు సారా కాయడు ఫాదరుగారూ" అంది ఆరోగ్యమ్మ, మట్టి వేస్తూనే.

ఆమెకు మిగిలినవి పదకొండేళ్ళ కొడుకు బాలశౌరి, తొమ్మిది సైకిళ్ళు, ఒక పంపు, పంక్చర్లు చూసే నీళ్ళతొట్టి, ఒక టైంపీసు. ఆమెది రెంటచింతల దగ్గర పల్లె. సైకిలు తొక్కడం రాదు, జన్మలో నేర్చుకోలేదు. షాపు అమ్మేసి పుట్టింటికి పొమ్మని బంధువులు చెప్పారు. తొక్కడం రాని ఆడదానికి సైకిల్ షాపేంది అని నవ్వారు.

"బర్రెల్ని మేపేవాడు పాలిస్తన్నాడా ఏంది? తొక్కేవాళ్ళు తొక్కుతారు, నేను అద్దె తీసుకుంటా" అంది ఆమె.

అద్దె గంటకు బేడ, అంటే రెండణాలు. కొత్త పైసలు వచ్చి ఏడాది దాటినా ఆమె నోట బేడే. పన్నెండు పైసలు పుచ్చుకుంటూ, బేడకు పన్నెండున్నర రావాలని, ప్రభుత్వం తన నోట్లో మట్టి కొట్టి అర పైసా తినేసిందని, ప్రతి గిరాకీకీ ఒకసారి గొణిగేది. అద్దె సైకిలుకు వచ్చేవాళ్ళు ఎక్కువ పిల్లకాయలే, మీసం మొలవడానికి కాస్త అటూ ఇటూ ఉన్నవాళ్ళు. పెద్దవాళ్ళకు పనులుంటాయి, పనికి సొంత సైకిళ్ళుంటాయి. ఏ పనీ లేనివాడికే గంటసేపు సైకిలు కావాలి.

అలా వచ్చినవాణ్ణి ఆరోగ్యమ్మ ముందు నిలబెట్టేది.

"ఎవురబ్బాయివిరా? యాడికి? ఎప్పుడొస్తావు? నీకు పూచీ ఎవురు?"

నాలుగింటికీ జవాబు చెప్పాలి. పూచీ అంటే ఊళ్ళో తెలిసిన ఇల్లున్న మనిషి. అది చాలక తాకట్టు: చెప్పులు, చొక్కా, లెక్కల పుస్తకం, ఏదో ఒకటి. లెక్కల పుస్తకం తాకట్టు పెట్టినవాళ్ళు విడిపించుకోవడానికి తొందరపడటం లేదని తెలిశాక ఆమె పుస్తకాలు తీసుకోవడం మానేసింది. సైకిలు బయటికి పోగానే తలుపుచెక్క మీద సుద్దతో గీత. గంట దాటితే షాపు పక్క బడ్డీవాడికి అప్పజెప్పి, కాలినడకన వెతుకులాట. చంద్రవంక వాగు ఒడ్డున పేకాట దగ్గరికి, సినిమా డేరా వెనక్కి, ఎక్కడికైనా సరే. ఆమె కంటే ముందు ఆమె గొంతు వచ్చేది.

"ఒరేయ్ కోమటోళ్ళ పెదబాబూ! గంటా ముప్పావైందిరా! మీ నాయన్ని పిలవమంటావా, చైనుతో నేనే వాయించనా?"

పేకముక్కలు అక్కడే పారేసి పెదబాబు పరుగు. మిగతా పిల్లకాయల నవ్వు. ఒకసారి అలా పిలిపించుకున్నవాడు రెండోసారి గంట దాటడానికి జంకేవాడు.

దీన్ని ప్రేమ అనుకుంటే పొరపాటు. సైకిలు ఖరీదు ఆ రోజుల్లో రెండు వందల చిల్లర. ఆమె వెతికింది సైకిలును. సైకిలుతో పాటు పిల్లవాడు దొరికేవాడు, అంతే. కానీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తన కొడుకు ఎక్కడ ఏడుస్తున్నాడో తండ్రికి తెలియని ఊళ్ళో, ఆరోగ్యమ్మకు తెలిసేది. ఆ నాలుగు గంటలే ఊరి పిల్లల్ని పాడుచేసేవి. ఊరి పెద్దలు మాత్రం రక్తం అనేవారు, సావాసం అనేవారు, సినిమాలు అనేవారు, ఏటి దగ్గర డ్యామ్ కడుతున్న కూలీల క్యాంపు అనేవారు. కారణాలకు ఎప్పుడూ కరువు లేదు. కరువల్లా, పిల్లవాడు ఇంటికి రాలేదే అని వీధిలోకి తొంగిచూసే మనిషికి.

ఒకరోజు ఇశ్రాయేలు వచ్చాడు. పద్నాలుగేళ్ళవాడు, కాళ్ళు పొడుగు, చొక్కా పొట్టి.

"పూచీ ఎవుర్రా?"

"మా అమ్మ. ఎస్తేరు."

"ఏదీ మీ అమ్మ?"

"డ్యామ్ కాడ రాళ్ళు మోస్తంది. వారానికి ఒకసారి వస్తంది."

"నాయన?"

వాడు రోడ్డు వైపు చూశాడు.

"అయితే నువ్వు కూడా వారానికి ఒకసారి రా, మీ అమ్మతోబాటు. పో."

బడ్డీవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇశ్రాయేలు కాసేపు సైకిళ్ళ వంక చూసి, ఒకదాని గంట ఒక్కసారి మోగించి, వెళ్ళిపోయాడు. వాడికి సైకిలు మాత్రం దొరికింది. బాలకోటయ్య ఇచ్చాడు.

బాలకోటయ్య ఒకప్పుడు లారీ క్లీనరు. ఇప్పుడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, రైలుకట్ట అవతల పెంకుటిల్లు. ఏటికి ఇటు నిషేధం, అటు తెలంగాణలో లేదు. అక్కడ కంట్రాక్టరు దుకాణంలో సారా ఉప్పూ పప్పూ అమ్మినట్టు బహిరంగంగా అమ్ముతారు. ఇటునుంచి పిల్లవాడు పదమూడు మైళ్ళు సైకిలు తొక్కి, పుట్టిలో ఏరు దాటి, పాత సైకిలు ట్యూబుల్లో సారా పట్టించి, మూతులు బిగించి, ట్యూబులు నడుముకు చుట్టుకుని, పైన చొక్కా వేసుకుని తిరిగొస్తాడు. పోయేటప్పుడు బక్కోడు, వచ్చేటప్పుడు బొద్దోడు. చేతిలో బడిపుస్తకం ఉంటే పోలీసు ఆపడు. చదువంటే మన పోలీసులకు అంత గౌరవం. మోతకు రూపాయిన్నర. ట్యూబు అడుగున మిగిలింది మోసినవాడికి. ఆ అడుగు సారాతోనే పిల్లలు తాగడం నేర్చారు.

అయితే బాలకోటయ్య పిల్లలకు మొదట పెట్టింది సారా కాదు, అన్నం. వేడన్నం, వేటమాంసం పులుసు. "రా అల్లుడా, ఇంత ఆలస్యమైందేందిరా? ఏమైందోనని ప్రాణం కొట్టుకుంటంది" అనేవాడు. అది అబద్ధం కాదు. వాడి ప్రాణమంతా పిల్లవాడి నడుముకే చుట్టి ఉంది మరి. తన సరుకు కోసం బాలకోటయ్య, తన సైకిలు కోసం ఆరోగ్యమ్మ: సాయంత్రమయ్యాక మాచర్లలో పిల్లల కోసం గడపలో నిలబడేవాళ్ళు ఆ ఇద్దరే.

నిషేధ ప్రచార సంఘం కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పిల్లలచేత ప్రమాణాలు చేయించింది. హిందువుల పిల్లలు కర్పూరం మీద, క్రైస్తవుల పిల్లలు బైబిలు మీద, సాయిబుల పిల్లలు ఖురాను మీద, జన్మలో మత్తుపదార్థం ముట్టనని చెప్పాలి. చెప్పినవాడికి ఒక మైసూరుపాకు. దాంతో కొందరు పిల్లలు మూడు మతాల్లోనూ ప్రమాణం చేశారు. అన్ని ప్రమాణాలు చూసి హనుమంతరావుకు కళ్ళు చెమర్చాయి. గుండె నీరసమని డాక్టరుచేత రాయించుకున్న బ్రాందీ పర్మిటు ఆయన జేబులోనే ఉండేది. బాలకోటయ్య జన్మలో చుక్క ముట్టలేదు. అలా ఊళ్ళో సారా అమ్మేవాడు తాగడు, చట్టప్రకారం తాగేవాడు నిషేధ సంఘం అధ్యక్షుడు.

బాలశౌరి రెండు మైసూరుపాకులు తిన్నాడు. రెండోది ఏ దేవుడి మీద తిన్నాడో చెప్పలేదు.

వాడికి పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆరోగ్యమ్మ లోకంలో ఎవరూ చెయ్యని తప్పు ఒకటి చేస్తూ ఉంది. ఊరి పిల్లలందరినీ ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని పీడించే మనిషి, కొడుకుని ఒక్కనాడూ అడగలేదు. వాడు అద్దె ఇచ్చేవాడు కాదు మరి. తొమ్మిదో సైకిలు వాడిది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుపోతాడు, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వస్తాడు. పరాయి పిల్లల వెంట పరిగెత్తి అలిసిపోయి ఆమె వంట చేసి మూతపెట్టి పడుకునేది. తలుపుచెక్క మీద ఎనిమిది సైకిళ్ళకు సుద్దగీతలు. తొమ్మిదోదానికి గీత లేదు.

ఒక ఎండాకాలం పొద్దున గోడ మేకుకు తగిలించిన పాత ట్యూబుల్లో ఒకదాన్ని తీసి, పంక్చరు చూద్దామని గాలి కొట్టి తొట్టిలో ముంచింది. బుడగలొచ్చాయి. బుడగల వెంట వాసన వచ్చింది. తొట్టిలో నీళ్ళు ఇన్నయ్య వాసనేశాయి.

ఆమె ఆ తడి ట్యూబును మోకాలి మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. బడికి బయల్దేరుతున్న బాలశౌరి గుమ్మంలో ఆగాడు.

"ఇదేందిరా?"

"ట్యూబు."

"నాకూ కళ్ళున్నయి. వాసనేంది?"

"ప్యాచీలేసే సొల్యూషను వాసన."

"సొల్యూషను డబ్బా పక్కనా పడుకున్నా, సారా పక్కనా పడుకున్నా. ఏ వాసన ఏదో నాకు నేర్పుతావట్రా?"

ఆమె ట్యూబుతోనే నాలుగు వాయించింది. కొట్టడం వాడికి కొత్త కాదు, ఇన్నయ్య బాగా అలవాటు చేసిపోయాడు. దెబ్బలు తిని, చొక్కా దులుపుకుని, తొమ్మిదో సైకిలెక్కి పోయాడు. ఆరోగ్యమ్మ తలుపుచెక్క వంక చూసింది. తర్వాత సుద్దముక్క తీసింది.

మర్నాడు వాడు సైకిలు పట్టుకోగానే హ్యాండిలు మీద చెయ్యి వేసింది.

"ఎవురబ్బాయివిరా?"

"ఏందమ్మా?"

"ఎవురబ్బాయివి? యాడికి? ఎప్పుడొస్తావు? పూచీ ఎవురు? గంటకు బేడ. చొక్కా విప్పి ఆడ పెట్టు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నీ అబ్బాయినే!"

"అందరూ ఎవురో ఒకరి అబ్బాయిలే. బేడ."

స్టేషను రోడ్డు గుమిగూడింది. కన్నకొడుక్కి అద్దె! ఆ వార్త గుడికీ, బడికీ, మిల్లుకీ పాకింది. ఫాదరుగారు పిలిపించి, మాతృహృదయం గురించి మెత్తగా చెప్పారు. హనుమంతరావు షాపు ముందు ఆగి, నువ్వు తల్లివా, వడ్డీ వ్యాపారివా అని అడిగాడు. నాలుగేళ్ళ కిందట ఇదే గుమ్మంలో ఆ పిల్లవాడి చావుకు ముహూర్తం పెట్టిన నోరే అది. ఆరోగ్యమ్మ పంపు తీసి, "గాలి కొట్టమంటారా?" అంది. ఆయన వెళ్ళిపోయాడు.

వాడు మూడు రోజులు నడిచి బడికి పోయాడు. నాలుగో రోజు ఒక రూపాయి నోటు తల్లి ఒళ్ళో పడేశాడు.

"ఎనిమిది గంటలకు అద్దె. ఇంక నోరెత్తమాక."

ఆరోగ్యమ్మ నోటు తీసి చూసింది. డబ్బు వద్దనడం ఆమెకు చేతకాని విద్య. అయినా ఆ నోటు తిరిగి వాడి జేబులో కుక్కింది.

"ఇది చెల్లదు."

"ఎందుకు చెల్లదు? నోటేగా!"

"నా షాపులో చెల్లదు."

వాడి మొహం ఎర్రబడింది. తల్లి చేతిలోంచి సైకిలు లాక్కుని ఎక్కేశాడు. ఆ సాయంత్రం రాలేదు. మూతపెట్టిన అన్నం పొద్దున కోళ్ళకు వేసింది. వాడు బాలకోటయ్య ఇంట్లో ఉన్నాడని, అక్కడే ఉంటానన్నాడని, మాంసం పులుసు తింటున్నాడని బడ్డీవాడు కబురు తెచ్చాడు.

పోలీసు దగ్గరికి పొమ్మన్నారు కొందరు. పోలీసుకు బాలకోటయ్య నెల నెలా ముడుపు కడతాడని తెలిసినవాళ్ళే ఆ సలహా ఇచ్చారు. ప్రార్థన చెయ్యమన్నారు కొందరు. చేసింది, అదీ ఒక పని కనక. చేసి, షాపు మూసి, టైంపీసు ఒక చేత్తో, పంపు ఇంకో చేత్తో పట్టుకుని రైలుకట్ట దాటింది. బాలకోటయ్య అరుగు మీద టైంపీసు పెట్టి పక్కన చతికిలబడింది.

బాలకోటయ్య నవ్వుతూ బయటికొచ్చాడు.

"రా వదినా, లోపలికి రా. అన్నం తిందువు."

"మీ అన్న తాగి పోయాడుగా, చాలు."

ఆ తెల్లచొక్కా మనిషి నవ్వు కొంచెం తగ్గింది. "వాడు నా కాడ సుఖంగా ఉండాడు. నువ్వు అద్దె అడిగితివి, వాడు అలిగాడు. నా తప్పేముంది?"

"నేను చొక్కా అడిగా. నువ్వు చొక్కా కింద ఉండేది అడుగుతన్నావు. జరుగు, వెలుతురు రానీ, టైము చూసుకోవాలి."

ముల్లు అయిదు మీదికి రాగానే గొంతెత్తింది.

"బాలశౌరీ! నిన్న పొద్దున తీసుకున్న సైకిలు! ముప్పై మూడు గంటలురా! ముప్పై మూడు బేడలు!"

సారా వ్యాపారానికి రెండే కావాలి, చీకటీ నిశ్శబ్దమూ. చీకటి పడేముందే నిశ్శబ్దం పోయింది. గంట గంటకూ కేక. మధ్యలో తల మీద తుండుగుడ్డ కప్పుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని, సందులోంచి ఒక్కొక్కరే వచ్చే గిరాకీలకు ఆమె పేరుపేరునా స్వాగతం చెప్పింది.

"ఏం మేష్టారూ, మీక్కూడా సైకిలు కావాలా? ఏమయ్యా గుమాస్తా, అమ్మాయి పెళ్ళి కుదిరిందా? అయ్యో, తిరిగిపోతన్నావే, రా రా, నేనేమీ అనుకోను!"

మేష్టారు వచ్చిన కాళ్ళతోనే వెనక్కి తిరిగాడు. గుమాస్తా సందులో మాయమయ్యాడు. రెండో సాయంత్రానికి అరుగు ముందు తమాషా చూసేవాళ్ళు పోగయ్యారు, వేరుసెనక్కాయల బండి కూడా వచ్చింది. అంత జనం పోగైన చోటును చూడకుండా ఉండటం పోలీసులకు కూడా కష్టమైంది. ఒక కానిస్టేబులు వచ్చి బాలకోటయ్య చెవిలో ఏదో చెప్పిపోయాడు. బాలకోటయ్య ఇరవై రూపాయలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇదిగో నీ అద్దె, మీదుమిక్కిలి. సైకిలు తీసుకుపో తల్లీ."

ఆరోగ్యమ్మ ఆ నోట్ల వంక చూడలేదు, చూడలేదంటే అబద్ధం, చూసి మొహం తిప్పుకుంది.

"అద్దెకు తీసుకున్నోడే తిరిగి తేవాలి. షాపు రూలు."

"నీ రూలు తగలెయ్య!"

"బాలశౌరీ! అరవై గంటలురా!"

లోపల తలుపు వెనక నిలబడ్డ బాలశౌరికి చెవులు కాలిపోతున్నాయి. పక్కనున్న మోత పిల్లలు వాణ్ణి పొడిచి పొడిచి నవ్వుతున్నారు. వాళ్ళలో ఇశ్రాయేలు ఒక్కడే నవ్వలేదు.

"నాకోసం ఎవురన్నా అట్టా అరిస్తే నేనైతే పోదునురా" అన్నాడు.

మూడో సాయంత్రం దీపాలు పెట్టకముందే తలుపు తెరుచుకుంది. బాలకోటయ్య సైకిలునీ బాలశౌరినీ కలిపి అరుగు దించాడు.

"పోరా నాయనా, నీకో దణ్ణం! మీ అమ్మ ఇంకో రోజు ఇక్కడ కూచుంటే నేను మజ్జిగ అమ్ముకోవాల!"

జనం ఈలలేశారు. ఆరోగ్యమ్మ టైంపీసు చంకలో పెట్టుకుని ముందు నడిచింది. వాడు సైకిలు నడిపించుకుంటూ వెనక. రైలుకట్ట ఎక్కేటప్పుడు ఆమె ఆగి, వంగి, చక్రం నొక్కి చూసింది.

"గాలి లేకుండా తొక్కి రిమ్ము వంచావు. అది కూడా లెక్కలో వేస్తా."

అదే తల్లీకొడుకుల రాజీ. కన్నీళ్ళు ఆశించినవాళ్ళు వేరుసెనక్కాయలతో సరిపెట్టుకోవాలి.

బాకీ తీర్చడానికి వాడు రోజూ బడి కాగానే షాపులో ప్యాచీలు వెయ్యాలి, నాలుగు నుంచి ఎనిమిది దాకా. బాకీ ఎప్పుడో తీరిపోయింది. తీరినట్టు ఆమె ఒప్పుకోలేదు. ఎనిమిదికి షాపు మూసి ఇద్దరూ ఒకేసారి అన్నానికి కూర్చునేవాళ్ళు. అంతకుముందు అలా కూర్చున్న గుర్తు ఇద్దరికీ లేదు. వాడు ఎక్కడికైనా పోవాలంటే చొక్కా తాకట్టు, బేడ అద్దె, తలుపుచెక్క మీద గీత. తల్లి దగ్గర అద్దె సైకిలు తీసుకునే మొగాడని తోటివాళ్ళు ఏడిపించారు. వాడూ తల్లి నోరే పుణికిపుచ్చుకున్నాడు కనక కాచుకున్నాడు.

ఆ వర్షాకాలంలోనే ఏటి దగ్గర పోలీసులు ఒక్క దాడి చేశారు. ఏడాదికొకటి చెయ్యాలి కనక చేశారు. బాలకోటయ్య దొరకలేదు. నడుముకు మూడు ట్యూబులతో ఇశ్రాయేలు దొరికాడు. గురజాల కోర్టులో, ఈ పిల్లవాడి మంచి నడతకు పూచీ ఎవరైనా ఉంటారా అని మేజిస్ట్రేటు అడిగాడు. నిషేధ సంఘం తరఫున హనుమంతరావు అక్కడే ముందు బల్ల మీద ఉన్నాడు. మీ సంఘంలో ప్రమాణం చేసినవాడేగా అని మేజిస్ట్రేటు ఆయన వంక చూశాడు.

"మాది ప్రచారం వరకేనండి" అన్నాడు హనుమంతరావు.

ఇశ్రాయేలును ఎక్కడో దూరాన నేరం చేసిన పిల్లలుండే బడికి పంపారు. తల్లికి ఆదివారం డ్యామ్ నుంచి వచ్చాక తెలిసింది. ఎస్తేరు సరాసరి సైకిల్ షాపుకు వచ్చింది. రాళ్ళు మోసి మోసి చుట్టకుదురు పెట్టిన చోట జుట్టు ఊడిపోయిన మనిషి.

"అక్కా, నా కొడుకు నీ కాడికి వచ్చేవాడంటగా?"

"వచ్చాడు, ఒకసారి."

"సైకిలు ఇచ్చావా?"

"లేదు."

ఎస్తేరు తలూపింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆరోగ్యమ్మ ఆ పూట ఎవరినీ తిట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని బడ్డీవాడు భయపడ్డాడు.

ఇక్కడ ఆమెకు హృదయ పరివర్తన కలిగిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. అలాంటిదేమీ లేదు. పూచీ అడగడం మానలేదు. కాకపోతే తర్వాత ఎప్పుడైనా ఎవరూ లేని పిల్లవాడు వచ్చి, పూచీ ఎవుర్రా అంటే నేల చూస్తూ నిలబడితే, ఆమె వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, కొడుకు వైపు తిరిగేది.

"గీత గియ్యరా. పూచీ నేనే. ఒరేయ్, నువ్వు గంట దాటావో, చంపి నీ చర్మంతో ప్యాచీ వేస్తా."

వాళ్ళ కోసం కూడా చంద్రవంక ఒడ్డుకు పోయి అరిచేది. ఇశ్రాయేలు మాత్రం మాచర్లకు మళ్ళీ రాలేదు.

బాలశౌరి పది తప్పాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ తప్పాడు. తర్వాత విజయపురి సౌత్‌లో డ్యామ్ వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. జన్మలో చుక్క ముట్టలేదని చెప్పడానికి లేదు. పండక్కి ముడతాడు, మర్నాడు తల్లి చేత తిట్లు తింటాడు, సోమవారం పనికి పోతాడు. మైసూరుపాకు తిన్న ప్రమాణాలకు ఇంతకంటే ఎక్కువ విలువ ఊళ్ళో ఎవరూ ఇవ్వలేదు.

అంతకుముందు, వాడికి పదిహేడేళ్ళప్పుడు, అక్టోబరు రెండున, నిషేధ సంఘం సైకిళ్ళ ఊరేగింపు పెట్టింది. అప్పటికి ఆరోగ్యమ్మ షాపులో పన్నెండు సైకిళ్ళున్నాయి. పన్నెండూ కావాలని హనుమంతరావు స్వయంగా వచ్చాడు. రోజంతా కనక సైకిలుకు రూపాయి పావలా అంది ఆమె. దేశసేవకు అద్దేమిటే అన్నాడాయన. కన్నకొడుకు దగ్గరే తీసుకుంటా అంది. సరే, సంఘం ఇస్తుంది అన్నాడు.

"పూచీ ఎవురు?"

ఆయన కడుపారా నవ్వాడు. "నాకే పూచీనా? ఊరంతా నాకు పూచీ!"

ఊరంతా అన్న మాటకు ఆమె మెత్తబడింది. జన్మలో పూచీ లేకుండా, తాకట్టు లేకుండా సైకిళ్ళు ఇచ్చింది ఆ ఒక్కసారే. ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది. సభలో హనుమంతరావు బాలశౌరిని వేదిక ఎక్కించి, తండ్రి సారాకు బలైనా, మన సంఘం ప్రచారం వల్ల దారికొచ్చిన రత్నం అని భుజం తట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. బాలశౌరి వెనక వరసలో నిలబడ్డ తల్లి వంక చూశాడు. ఆమె టైంపీసు చూసుకుంటోంది. సైకిళ్ళు తిరిగొచ్చేసరికి రెండింటికి బెల్లులు లేవు.

అరవైల చివర్లో నిషేధం ఎత్తేశారు. సారా దుకాణాలకు వేలంపాట పెట్టినప్పుడు మాచర్లలో అందరికంటే ఎక్కువ పాడింది హనుమంతరావే. నిషేధ సంఘం గదికి సున్నం వేయించి, అందులోనే దుకాణం తెరిచాడు. గల్లా మీద కూర్చోవడానికి అనుభవమున్న మనిషి కావాలని బాలకోటయ్యను పెట్టుకున్నాడు.

ఆరోగ్యమ్మ ఆ దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగి, గల్లా పక్కన కూర్చున్న హనుమంతరావుని పేరు పెట్టి పిలిచి, లోపలున్నవాళ్ళందరికీ వినబడేలా లెక్క చెప్పేది. పన్నెండు సైకిళ్ళు, సైకిలుకు రూపాయి పావలా. ఆ పదిహేను రూపాయలు ఆమెకు ఇంకా రావాలి.